ఐదో కుర్చీ

జూన్ 2, మంగళవారం

రేపు పొద్దున ప్రయాణం. మనుషులం నలుగురం, పెట్టెలు నాలుగు. లెక్క సరిపోయిందనుకుంటే పొరపాటే, రెండు పెట్టెలు అత్తయ్యగారివే. "పరాయి దేశంలో దుప్పట్లు ఎలా ఉంటాయో ఏమో" అని సొంత దుప్పటి పెట్టుకున్నారు. మోకాళ్లకు రాసుకునే నూనె సీసాని చెప్పులో దూర్చి, ఆ చెప్పుని చీరలో చుట్టి పెట్టారు. మా ఆవిడ చూసి తీసేసింది. మా ఆవిడ అటు తిరగగానే మళ్లీ పెట్టారు. నేను చూశాను, చెప్పలేదు. ఆ ఇంటి అల్లుడిగా నాలుగేళ్లు నెగ్గుకొచ్చానంటే చూసినవన్నీ చెప్పకపోవడం వల్లే.

షాపు తలుపు మీద సెలవని కాగితం అంటించి వచ్చాను. చేతిలో ఉన్న కళ్లజోళ్లన్నీ పూర్తయ్యాయి.

వెళ్లే ఊరు ఎంచుకున్నది బొంగరం, మా ఆవిడ కూతురు. చిన్నప్పుడు ఒక్కచోట కాలు నిలిపేది కాదట, అందుకని వాళ్ల అమ్మమ్మ పెట్టిన పేరు. ఇప్పుడు ఫోన్ పట్టుకుని గంటలకొద్దీ కదలదు కానీ పేరు మాత్రం అలాగే తిరుగుతోంది. మేం మూడు ఊళ్లు చూపించాం. తను నాలుగోది చెప్పింది. ఎందుకో ఎవరూ అడగలేదు, అందరికీ తెలుసు. అక్కడికి రైల్లో నాలుగు గంటల దూరంలో వాళ్ల నాన్న ఉంటాడు. శనివారం తనకి పదహారు నిండుతాయి. ఆయన భోజనానికి వస్తానన్నాడు. ఎనిమిదేళ్ల తర్వాత కూతుర్ని చూడబోతున్నాడు.

మంచిదే. పిల్లకి తండ్రి ఉండాలి. నాకేమీ లేదు.

ఈ మాట మా ఆవిడతో కూడా అన్నాను. "మీకేమీ లేదని చెప్పడం ఇది మూడోసారి" అంది.


జూన్ 3, బుధవారం

చేరాం. హోటల్లో రెండు గదులు, మధ్యలో ఒక తలుపు. అటువైపు అమ్మమ్మ, మనవరాలు. ఇటువైపు మేము. కిటికీ కింద ఒక రొట్టెల దుకాణం, దాని పక్కన సైకిళ్లు బాగుచేసే షెడ్డు. స్నానాల గదిలో కుళాయి ఎటు తిప్పితే వేడినీళ్లో ఎటు తిప్పితే చన్నీళ్లో అత్తయ్యగారికి అంతుపట్టలేదు. లోపలినుంచి ఒక కేక. "ఈ కుళాయి నా పాత పగేదో తీర్చుకుంటోందే!" బొంగరం కడుపు పట్టుకుని నవ్వింది.

ఆ నవ్వు నేను ఈ మధ్య వినలేదు. ఈ ప్రయాణం పెట్టుకోవడం మంచిదైంది.

నాకేమీ లేదు. నిజంగానే.


జూన్ 4, గురువారం

పొద్దున ఆరున్నరకి బొంగరం వాళ్ల నాన్న దగ్గర్నుంచి మెసేజ్. ఉన్నదున్నట్టు ఇక్కడ దించుతున్నాను.

"నమస్కారమండీ. శనివారం రాలేకపోతున్నాను. చిన్నపాపకి జ్వరం, ఇల్లు కదిలే వీల్లేదు. మీరే నెమ్మదిగా చెప్పండి. నేను చెబితే ఏడుస్తుంది, నేను తట్టుకోలేను."

చిన్నపాప అంటే ఇక్కడ ఆయన మళ్లీ పెళ్లి చేసుకున్నాక పుట్టిన పాప. ఏడాదిన్నర ఉంటుంది.

"అలాగేనండి. పాప జాగ్రత్త" అని జవాబిచ్చాను.

మా ఆవిడ స్నానానికి వెళ్లింది. వచ్చాక చెబుదామనుకున్నాను. వచ్చాక, ముందు పిల్లకే చెప్పాలి కదా అనిపించింది. టిఫిన్ దగ్గర చెబుదామని కిందికి దిగాను. బొంగరం అప్పటికే వచ్చి కూర్చుంది. నన్ను చూసి కళ్లజోడు తీసి నా ముందు పెట్టింది.

"కొంచెం వంకరగా ఉన్నాయి. సరిచేస్తారా? శనివారం ఫోటోలు దిగుతాం కదా."

తనకి మొదటి కళ్లజోడు పెట్టింది నేనే. అప్పుడు తొమ్మిదేళ్లు. వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని షాపుకొచ్చింది. అద్దాలు పెట్టగానే తలెత్తి వాళ్లమ్మని చూసి, "అమ్మా, నీ ముఖం మీద ఇన్ని మచ్చలున్నాయా!" అంది. వాళ్లమ్మ ముఖం మాడ్చుకుంది. నాకు నవ్వు ఆగలేదు. మా కథ అక్కడే మొదలైంది. ఆ తర్వాత మూణ్ణెల్లకోసారి ఫ్రేము విరగ్గొట్టుకుని వచ్చేది. అప్పట్లో "కళ్లజోడంకుల్" అని పిలిచేది. వాళ్లమ్మని పెళ్లి చేసుకున్నాక ఆ పిలుపు పోయింది, దాని స్థానంలో ఏదీ రాలేదు. అడగాల్సింది ఉంటే నా ఎదురుగా వచ్చి నిలబడుతుంది, అంతే.

ఎడమ చెవి వైపు కాడ కాస్త పైకి లేచింది. చేత్తోనే వంచి ఇచ్చాను. పెట్టుకుని చెంచా వెనకవైపు చూసుకుని, "ఇప్పుడు బాగున్నాయి" అంది.

ఆ ముఖం చూస్తూ ఎలా చెప్పను?

సాయంత్రం చెబుతాను.


జూన్ 5, శుక్రవారం

చెప్పలేదు. వాన.


అదే రోజు, మధ్యాహ్నం

వాన తగ్గింది. పిల్లల జ్వరం ఎంతసేపు ఉంటుంది, రెండు రోజులు. రేపటికి తగ్గిపోవచ్చు. తగ్గితే ఆయన వచ్చినా రావచ్చు. అలాంటప్పుడు ఇవాళే చెప్పి పిల్ల మనసు విరిచేస్తే అది తొందరపాటు అవుతుంది. నేను ఆగడమే సరైనది.

భోజనశాలలో రేపటికి బల్ల చెప్పి రమ్మని మా ఆవిడ పంపింది. రేవు పక్కన చిన్న భోజనశాల. యజమాని భారీ మనిషి, భుజం మీద తువ్వాలు. ఎంతమంది అని వేళ్లు ఆడించి అడిగాడు. నాలుగు వేళ్లు చూపించాల్సింది. బొటనవేలు దానంతట అదే లేచింది.

ఐదు.


జూన్ 6, శనివారం, పొద్దున

ఇవాళే. పదకొండయింది. పక్కగదిలో బొంగరం నీలం గౌను ఇస్త్రీ చేసుకుంటోంది, ఇది రెండోసారి. మా ఆవిడ ముఖం ఏదోలా ఉంది. "ఎనిమిదేళ్ల తర్వాత ఆయన ముఖం చూడాలి, నాకేం సరదా అనుకున్నారా? దానికోసం" అంది.

అప్పుడు చెప్పి ఉండొచ్చు. తలుపు వేసుంది, ఇద్దరమే ఉన్నాం. ఇప్పుడైనా చెప్పొచ్చు.

ఆయన దగ్గర్నుంచి ఇంకేమీ రాలేదు. రాలేదంటే, వస్తున్నాడనీ అనుకోవచ్చు.


జూన్ 6, సాయంత్రం

అంతా రాస్తాను. ఎక్కడా తప్పించుకోను.

పన్నెండుంపావుకి వెళ్లాం. కిటికీ పక్కన బల్ల, ఐదు కుర్చీలు. ఇటు రెండు, అటు రెండు, చివర ఒకటి. బొంగరం తలుపు కనబడే చోట కూర్చుంది. చివరి కుర్చీ మీద ఎవరూ కూర్చోకుండా తన సంచి పెట్టింది, కాసేపటికి సంచి తీసి కింద పెట్టుకుంది. ఆయన వచ్చి చూసేసరికి కుర్చీ ఖాళీగా ఉండాలని కాబోలు.

పన్నెండున్నర. ఒంటిగంట. తలుపు తెరుచుకున్నప్పుడల్లా తను కొంచెం పైకి లేస్తోంది. ఒంటిగంటన్నర. యజమాని మూడుసార్లు వచ్చి వెళ్లాడు. అత్తయ్యగారికి షుగరు, ఆకలికి ఆగలేరు. రొట్టె తుంచుకుని నోట్లో వేసుకుంటూ, "మీ నాన్నకి మొదట్నుంచీ టైము తెలీదే. పెళ్లికి కూడా..." అని మొదలుపెట్టారు. మా ఆవిడ బల్ల కింద కాలితో తన్నింది. తగిలింది నాకు.

"రైలు లేటయ్యుంటుంది" అంది బొంగరం.

"అయ్యుంటుంది" అన్నాను నేను.

అన్నాను. ఆ మాట నోరు విప్పి అన్నాను.

రెండింటికి ఫోన్ తీసుకుని బయటికి వెళ్లింది. అద్దంలోంచి కనబడుతూనే ఉంది. మొదట నవ్వుతూ మాట్లాడింది. తర్వాత మాట్లాడలేదు, విన్నది. తర్వాత అద్దంలోంచి నావైపు చూసింది. ఆ చూపుతోనే నాకు తెలిసిపోయింది.

లోపలికొచ్చి కూర్చోలేదు.

"గురువారమే మీకు చెప్పాడటగా."

మా ఆవిడ నావైపు తిరిగింది. అత్తయ్యగారి చేతిలో రొట్టె ముక్క అలాగే ఆగిపోయింది.

"అవునమ్మా" అన్నాను.

"గురువారం, శుక్రవారం, ఇవాళ. మూడు రోజులు."

"అవును."

"మరి ఈ కుర్చీ ఎందుకు వేయించారు?"

తను కళ్లజోడు తీసి నా పళ్లెంలో పెట్టి బయటికి వెళ్లిపోయింది.

తన పవరు మైనస్ నాలుగున్నర. అద్దాలు లేకపోతే వీధి అవతల మనిషా స్తంభమా తెలియదు. తెలియని ఊరు, తెలియని రోడ్లు. కళ్లజోడు పట్టుకుని పరిగెత్తాను. యాభై రెండేళ్ల వయసులో, కొత్త బూట్లతో, రేవు గట్టు మీద. రెండు వీధుల అవతల బస్సులాగే చోట బల్ల మీద కూర్చుని ఉంది. కళ్లు చిట్లించి బోర్డు చదవడానికి చూస్తోంది.

"ఇవి పెట్టుకో. తర్వాత తిట్టు" అన్నాను.

తీసుకుని పెట్టుకుంది. "మీ ముఖం సరిగ్గా చూసి తిడదామనే పెట్టుకుంటున్నా" అంది.

తిట్టింది. మధ్యలో రెండు బస్సులు వచ్చి వెళ్లాయి. "ఆయన రాకపోవడం నాకు అలవాటే. మీరు ఇలా చేయడం అలవాటు లేదు" అంది. అదొక్కటి బాగా గుర్తుంది. "రైలు లేటయ్యుంటుందని నేనంటే, అయ్యుంటుంది అన్నారు. ఎలా అనగలిగారు?" ఇదీ గుర్తుంది.

హోటల్‌కి నడిచి వచ్చాం. తను ముందు, నేను పది అడుగులు వెనక.

మా ఆవిడ గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది. "మీరు గురువారమే చెప్పుంటే ఆ రోజే ఒళ్లో పడుకోబెట్టుకుని ఏడిపించేసేదాన్ని. శుక్రవారానికి తేరుకునేది. ఇవాళ్టికి నవ్వేది. మీరు దాచి దాచి సరిగ్గా పుట్టినరోజు నాడు ఏడిపించారు."

"దాని సంతోషం కోసమే..."

"ఆ మాట దానితో మాత్రం అనకండి" అని మధ్య తలుపు తీసుకుని అటు వెళ్లిపోయింది.

కాసేపటికి ఆ తలుపులోంచే అత్తయ్యగారు వచ్చి కుర్చీలో కూలబడ్డారు. మోకాళ్లు నిమురుకున్నారు.

"బాబూ, మీ మామగారి దగ్గర నేను బోలెడు దాచాను. ఆయన మంచికే అనుకునేదాన్ని. ఇప్పుడు కూర్చుని ఏరుకుంటే, అందులో ఆయన మంచికి దాచింది ఒక్కటీ లేదు. అన్నీ నేను తిట్లు తప్పించుకోవడానికే." లేచి వెళ్తూ వెళ్తూ, "ఆ కేకు కిటికీలో పెట్టారేంటి, చీమలు పడతాయి" అన్నారు.

పొద్దున కింది రొట్టెల దుకాణంలో కొన్న కేకు పెట్టె విప్పలేదు. గదిలోని ఫ్రిజ్‌లో పట్టదు.

ఈ పుస్తకం ఎవరూ చదవరు. కాబట్టి రాస్తున్నాను. తిట్లు తప్పించుకోవడానికి కూడా కాదు. ఎవరో చెప్పిన కబురు చెబితే నన్నెవరు తిడతారు? భోజనశాల యజమాని ఐదో కుర్చీ లాక్కొచ్చి వేస్తుంటే నాకు లోపల ఎక్కడో చల్లగా అనిపించింది. ఆ కుర్చీ ఖాళీగా ఉండాలి, పిల్ల దాన్ని చూడాలి అనుకున్నాను. ఎవరు రాలేదో, ఎవరు ఎదురుగా కూర్చుని ఉన్నారో పక్కపక్కన పెట్టి చూసుకోవాలి అనుకున్నాను.

లేదు. మరీ అలా అనుకోలేదు.

అనుకున్నాను.


జూన్ 7, ఆదివారం. రైల్లో

బొంగరం ఎదురు సీట్లో కిటికీ వైపు తిరిగి కూర్చుంది. పొద్దుట్నుంచీ నాతో ఒక్క మాట.

టిఫిన్ దగ్గర అందరం ఉండగా వచ్చి, "నేను వెళ్తున్నా" అంది.

"ఎక్కడికే?" అంది మా ఆవిడ.

"పాపకి జ్వరమట కదా. ఆయన రాలేకపోతే నేను వెళ్లి చూడకూడదా? అది నాకు చెల్లెలే కదా."

అత్తయ్యగారు ఏదో అనబోయి నా ముఖం చూసి ఊరుకున్నారు. మా ఆవిడ టీ కప్పులోకి చూస్తూ ఆలోచించింది. "నేను ఆ గడప తొక్కను. అమ్మ అంత దూరం కూర్చోలేదు" అని నావైపు వేలు చూపించింది. "ఈయన తీసుకెళ్తారు."

"ఈయనతోనా?"

"ఈయనతోనే. చెడగొట్టిన చేత్తోనే బాగుచేయనీ."

స్టేషన్లో ఆయనకి మెసేజ్ రాశాను: "పిల్ల మిమ్మల్ని చూడ్డానికి బయల్దేరింది. నేను తోడు వస్తున్నాను. పన్నెండింటికి దిగుతాం." పంపేముందు ఫోన్ తనకి చూపించాను. చదివి తలూపింది. గంట తర్వాత జవాబు వచ్చింది. "రండి" అని, కింద చిరునామా. అదీ చూపించాను. "ఇకనుంచి ప్రతిదీ చూపించక్కర్లేదు" అంది. ఆ ఒక్క మాట అదే.


అదే రోజు. ఒక వీధి బల్ల మీద

పన్నెండున్నర నుంచి ఇక్కడ కూర్చున్నాను. వెనక బట్టలు ఉతికే దుకాణం, గాజు తలుపు వెనక యంత్రాలు గిర్రున తిరుగుతున్నాయి. రోడ్డుకి అటువైపు వాళ్ల ఇల్లు. పసుపు రంగు గేటు.

మేం వచ్చేసరికి ఆ గేటు ముందు ఒక పాప ప్లాస్టిక్ కారు మీద కూర్చుని కాళ్లతో నెట్టుకుంటూ వస్తోంది. బుగ్గలు ఎర్రగా, ఒళ్లంతా మట్టి. మమ్మల్ని చూసి నోటితో హారన్ కొట్టింది. జ్వరం వచ్చి తగ్గిన పిల్ల ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఈ పిల్లకి ఈ నెలలో తుమ్ము కూడా వచ్చినట్టు లేదు.

నేను బొంగరం వైపు చూశాను. తను పాప వైపు చూస్తోంది.

ఆయన మెట్లు దిగి వచ్చాడు. అప్పుడే గడ్డం గీసుకున్నట్టున్నాడు, గడ్డం కింద తెగింది. నా ఊహలో ఆయన పొడుగ్గా ఉండేవాడు. నా అంతే ఉన్నాడు.

"జ్వరం తగ్గింది" అన్నాడు.

ఎవరూ అడగలేదు.

"ఎంత పెద్దదానివయ్యావు తల్లీ" అన్నాడు తర్వాత. చెయ్యి ముందుకి చాచి, ఎక్కడ పెట్టాలో తెలియక గేటు మీద పెట్టాడు. నాకు కోపం రావాలి. రాలేదు. ఆ తడబాటు నాకు తెలుసు. గురువారం టిఫిన్ దగ్గర కళ్లజోడు సరిచేసిస్తూ నేనూ అలాగే ఉన్నాను.

"మీరూ లోపలికి రండి" అన్నాడు.

"పర్వాలేదండీ, మీరు మాట్లాడుకోండి" అని ఇటు వచ్చేశాను. ఇది మాత్రం మంచితనం కాదు, భయం.

ఇంతలో ఆయన భార్య టీ తెచ్చిచ్చింది. ఆవిడ భాష నాకు రాదు, నా భాష ఆవిడకి రాదు. కప్పు అందుకుంటూ చూస్తే ఆవిడ కళ్లజోడు ఒక కాడ దారంతో కట్టి ఉంది. స్క్రూ ఊడిపోయింది. నా చేతిసంచిలో చిన్న డబ్బా ఎప్పుడూ ఉంటుంది, అందులో రెండు మూడు రకాల స్క్రూలు, వేలెడంత స్క్రూడ్రైవరు. ఇవ్వమని సైగ చేశాను. ముందు అనుమానంగా చూసి, తర్వాత తీసిచ్చింది. రెండు నిమిషాల పని. పెట్టుకుని తల అటూ ఇటూ ఊపి చూసుకుంది, జారలేదు. నవ్వింది. పక్కన కూర్చుంది. ఇద్దరం గేటు వైపు చూస్తూ కూర్చున్నాం. ఆవిడ కూడా లోపలికి వెళ్లకుండా ఇక్కడెందుకు కూర్చుందో అడగడానికి నాకు భాష లేదు. అడగక్కర్లేదు కూడా.

కిటికీలోంచి బొంగరం కనబడుతోంది. పాపని ఒళ్లో కూర్చోబెట్టుకుంది. ఆ పాప తన కళ్లజోడు లాగుతోంది. ఆయన ఎదురుగా కుర్చీ అంచున కూర్చుని చేతులు నలుపుకుంటున్నాడు, తల వంచుకుని ఏదో చెబుతున్నాడు.

రెండున్నరకి రైలు. రెండవుతోంది. నేను లేచి పిలవను.


జూన్ 8, సోమవారం, పొద్దున

నిన్న తిరుగు రైల్లో జరిగింది రాయాలి.

తనే వచ్చింది, రెండు దాటిన ఐదు నిమిషాలకి. ఆయన గేటు దాకా వచ్చి నాకు నమస్కారం పెట్టాడు. నేనూ పెట్టాను.

రైలు కదిలాక నేను రొట్టెల పొట్లం విప్పి తనవైపు జరిపాను. తనది తిన్నది. నాది కూడా తీసుకుని తిన్నది. చేతులు తుడుచుకుని అప్పుడు మొదలుపెట్టింది.

"పాపకి జ్వరం రాలేదట."

"ఊఁ."

"మీకు చూడగానే తెలిసిపోయింది కదా?"

"తెలిసింది."

"మళ్లీ దాచారు."

"అది నేను చెప్పాల్సింది కాదమ్మా. ఆయన చెప్పాల్సింది."

ఆలోచించి, ఇది ఒప్పుకుందాం అన్నట్టు తలూపింది. "చెప్పాడులెండి. నేను అడిగితే చెప్పాడు. అమ్మ పెట్టే ఫోటోలు ఎవరి ద్వారానో ఆయనకి వస్తాయట, అన్నీ చూస్తాడట. అందులో మనం నలుగురం నవ్వుతూ ఉంటామట. 'అక్కడికొచ్చి నేనెక్కడ కూర్చోను తల్లీ' అన్నాడు. పెద్దాయన, అలా ఏడ్చేశాడు. నేను ఊరుకోబెట్టాల్సొచ్చింది."

కాసేపు కిటికీలోంచి చూసింది. తర్వాత నావైపు తిరిగింది.

"మీరెందుకు చెప్పలేదు? నా సంతోషం కోసం అని మాత్రం అనొద్దు. అమ్మ చెప్పింది, మీరు అదే అంటారని."

ఎదురు సీట్లో ఒక ముసలాయన నిద్రపోతున్నాడు. మా భాష అక్కడ ఎవరికీ రాదు. అయినా గొంతు తగ్గించుకున్నాను. శనివారం ఈ పుస్తకంలో రాసుకున్నది తనతో చెప్పాను. ఆ కుర్చీ ఖాళీగా ఉండాలని నాకుందని. తను దాన్ని చూడాలని, చూసి నా వైపు తిరగాలని ఉందని. చెబుతూ నా బూట్ల వైపే చూశాను. చెప్పడం అయిపోయాక కూడా వాటివైపే చూస్తున్నాను.

ఏడుస్తోందేమో అనుకుని తలెత్తాను. ఏడవడం లేదు. వాళ్లమ్మ జవాబు చెప్పేముందు పెట్టే ముఖం పెట్టింది.

"ఆయనకేమో కూర్చోడానికి కుర్చీ లేదని బాధ. మీకేమో ఆయన కుర్చీలో కూర్చుంటాడని బాధ. ఇద్దరికిద్దరూ కుర్చీల గొడవలో పడిపోయారు. పుట్టినరోజు నాది."

నేను నవ్వకూడదు. నవ్వే హక్కు నాకు లేదు. అయినా పెదవి కదిలింది. తను చూసింది.

"నవ్వకండి. నేనింకా కోపంగానే ఉన్నా."

"ఉండమ్మా."

"చాలా రోజులు ఉంటా."

"ఉండు. నేనెక్కడికీ పోను."

ఆ మాట నేను ఆలోచించకుండా అన్నాను. తను కిటికీ వైపు తిరిగింది. చాలా స్టేషన్ల తర్వాత, "ఆ పాప పళ్లు చూశారా? నాకు చిన్నప్పుడు అలాగే ఎడం ఉండేదట" అంది.


అదే రోజు, మధ్యాహ్నం

కేకు ఇవాళ కోశాం. ఎండి, అంచులు పెచ్చులు కట్టింది. అత్తయ్యగారు ఒక ముక్క నోట్లో పెట్టుకుని, "కట్టుడు పళ్లతో తినాల్సిన కేకు కాదిది" అన్నారు, అయినా రెండు ముక్కలు తిన్నారు. కొవ్వొత్తులు లేవు. కిందికి వెళ్లి తెస్తానంటే బొంగరం వద్దంది. మా ఆవిడ పిల్లని దగ్గరికి లాక్కుని తల మీద గడ్డం ఆనించుకుని కూర్చుంది. నాతో ఇంకా పూర్తిగా మాట్లాడటం లేదు. కేకు పళ్లెం మాత్రం నా చేతికిచ్చింది.

ఫోటో దిగేటప్పుడు బొంగరం ఫోన్ ఎత్తి పట్టుకుని నాతో, "మరీ అంత నవ్వకండి. ఇది ఆయనకి కూడా పంపిస్తున్నా" అంది.

నవ్వు ఆపుకుని దిగాను. ఫోటోలో పన్ను నొప్పి వచ్చినవాడిలా ఉన్నాను.


జూన్ 9, మంగళవారం

విమానం మధ్యాహ్నం. పెట్టెలు సర్దుతుంటే తలుపు కొట్టింది.

"పాపకి ఏదైనా పంపిద్దామనుకుంటున్నా. వీధి చివర బొమ్మల కొట్టు ఉంది. వస్తారా? అమ్మ సర్దుతోంది, అమ్మమ్మ నడవలేదు."

వేరే గతి లేక నన్ను పిలిచింది. తెలుసు. బూట్ల తాళ్లు కూడా కట్టుకోకుండా బయల్దేరాను.

చెక్కతో చేసిన బాతు కొంది. తాడు పట్టుకుని లాగితే వెనకాలే తల ఊపుకుంటూ వస్తుంది. మాట్లాడుతూ వస్తున్నాం. నిజానికి మాట్లాడింది తనే. పోస్టాఫీసు ఎక్కడుందో, బాతు అక్కడికి చేరేసరికి ఎన్ని రోజులు పడుతుందో. వింటూ నేను అలవాటు ప్రకారం కుడివైపు చూసి రోడ్డు మీదికి అడుగు వేశాను. ఇక్కడ బళ్లు ఎడమవైపు నుంచి వస్తాయి. ఒక్కసారిగా నా చొక్కా చెయ్యి పట్టుకుని వెనక్కి గుంజింది. బస్సు ముక్కు ముందునుంచి పోయింది.

"చూసుకోరా అసలు? వారం రోజులైంది వచ్చి!" అరిచింది. రోడ్డు మీద వాళ్లు తిరిగి చూశారు. తన ముఖం తెల్లబోయింది. "మీకేమైనా అయితే అమ్మకి నేనేం చెప్పాలి? నాకు..." అని ఆగిపోయింది.

"చూసుకుంటానమ్మా" అన్నాను.

బళ్లు ఆగాక దాటాం. దాటాక రొట్టెల దుకాణం వచ్చింది, సైకిళ్ల షెడ్డు వచ్చింది, హోటల్ మెట్లు వచ్చాయి. నా చొక్కా చెయ్యి ఇంకా తన పిడికిట్లోనే ఉంది.

వదలడం మరిచిపోయి ఉంటుంది. నేను గుర్తుచేయలేదు.